డ్యూటీ అనే ఊరు

నా చిన్నప్పుడు, అంటే నాలుగేళ్ళు నిండి ఐదో ఏడు నడుస్తున్న రోజుల్లో, ఒమన్ దేశంలో డ్యూటీ అనే ఊరొకటి ఉందని గట్టిగా నమ్మాను. నవ్వకండి. మా ఇంట్లో మాటలే అలా ఉండేవి. నాన్న సువైక్‌కి వెళ్ళాడు, పక్క గది అంకుల్ మస్కట్‌కి వెళ్ళాడు, అమ్మ డ్యూటీకి వెళ్ళింది. మస్కట్ నుంచి వచ్చేవాళ్ళు బిస్కెట్ డబ్బాలు తెచ్చేవారు. సువైక్ నుంచి నాన్న ఖర్జూరాలు తెచ్చేవాడు. డ్యూటీ నుంచి వచ్చే అమ్మ మాత్రం మందుల వాసన తప్ప ఏమీ తెచ్చేది కాదు. పాపం, అదేదో పేద ఊరై ఉంటుందని అనుకునేదాన్ని.

మేముండేది బర్కాలో. మా అమ్మ గోదావరి జిల్లా నుంచి అక్కడి ఆసుపత్రికి నర్సుగా వచ్చింది. నాన్న రోడ్లు వేసే కంపెనీలో పనిచేసేవాడు. సైట్ దగ్గరే రూమ్, శుక్రవారం ఒక్కరోజు ఇంటికొచ్చేవాడు. ఒక ఒమానీ పెద్దమనిషి ఖర్జూరపు తోట అంచున వరసగా కట్టించిన గదుల్లో మేమూ, ఇంకో రెండు నర్సుల కుటుంబాలూ అద్దెకుండేవాళ్ళం. పక్కనే ఆ పెద్దమనిషి ఇల్లు. ఆ ఇంట్లో పిల్లల్ని చూసుకోవడానికి కడప నుంచి వచ్చిన అక్క ఒకామె ఉండేది. అందరూ ఆమెను కడపామె అనేవారు. నాకు మాత్రం పక్కింటి అక్క.

ఆ ఇంటి యజమానురాలిని పనివాళ్ళంతా మామా అని పిలిచేవారు, అరబ్బీలో అమ్మ అని. మామా మనసు మంచిది. తన పిల్లలిద్దరితో పాటు నర్సుల పిల్లలు నలుగురినీ పగటిపూట చూసుకోమని అక్కకు చెప్పింది. అలా తోటలో ఖర్జూరపు మట్టలతో వేసిన పాక మా బడి అయింది. బడి అంటే పలకలూ బొమ్మలూ ఏమీ లేవు. అమ్మావాళ్ళు తెచ్చే ఖాళీ ఇంజెక్షన్ పెట్టెలు ఇళ్ళయ్యేవి, ఖర్జూరపు గింజలు కోళ్ళూ మేకలూ అయ్యేవి. అక్కకు అక్షరం ముక్క రాదు. కానీ ఆ గింజలతో ఆమె కట్టిన ఊళ్ళు నేను ఈనాటికీ ఏ ఖరీదైన బొమ్మలతోనూ కట్టలేకపోయాను.

అయినా నేను ఏడ్చేదాన్ని. మామూలు ఏడుపు కాదు, చుట్టుపక్కల గదులవాళ్ళు చెవులు మూసుకునే ఏడుపు. పొద్దున్నే అమ్మ నన్ను పాకలో దింపి, అక్క వైపు చూసి కనుసైగ చేసేది. అక్క వెంటనే, అదిగో మేకపిల్ల అనేది. నేను మేకపిల్లను చూసి ఇటు తిరిగేసరికి అమ్మ మాయం. చెప్పి వెళ్తే ఏడుస్తానని అమ్మ భయం. చెప్పకుండా వెళ్తుంది కాబట్టే నేను ఏడ్చేదాన్ని. కొన్నాళ్ళకు మేకపిల్లను చూస్తేనే ఏడుపు వచ్చేసేది, ఎందుకంటే అది కనిపించిందంటే అమ్మ పోయిందన్నమాట. నేను మొదలుపెడితే మిగతా ఐదుగురూ అందుకునేవారు. మధ్యాహ్నం దాకా అదే కచేరీ.

ఒకరోజు ఏడ్చి ఏడ్చి విసుగొచ్చి, డ్యూటీకి నేనే వెళ్దామని బయలుదేరాను. అక్క చంటిపిల్లాడికి అన్నం పెడుతోంది. నేను చెప్పులు వేసుకుని, తోట దాటి, పెద్ద రోడ్డు మీదికి వచ్చేశాను. అక్కడ టాక్సీలవాళ్ళు నిలబడి సువైక్, సువైక్ అనీ, మస్కట్, మస్కట్ అనీ అరుస్తున్నారు. డ్యూటీ, డ్యూటీ అని ఎవరైనా అరుస్తారేమోనని చాలాసేపు చూశాను. ఎవరూ అరవలేదు. పేద ఊరు కదా, బేరాలు ఉండవు కాబోలు అనుకుని, తలుపు తీసి ఉన్న ఒక టాక్సీ ఎక్కి కూర్చున్నాను. తెల్ల గడ్డం డ్రైవరు తాత ఎక్కడికని అరబ్బీలో అడిగాడు. నేను పెద్దమనిషిలా, డ్యూటీ అన్నాను. ఆయన తల గోక్కుని, నన్ను చేయి పట్టుకుని రోడ్డు పక్కన మలయాళీ చాయ్ దుకాణానికి తీసుకుపోయాడు. ఆ దుకాణాయన నర్సుగారి పాప అని గుర్తుపట్టి, భుజానికెత్తుకుని తోటకు తెచ్చి అప్పగించాడు.

అప్పటికే తోటంతా గగ్గోలు. బావిలో పడ్డానేమోనని అక్క బావి గట్టు మీద వంగి నా పేరు పెట్టి అరుస్తోందట. నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి దుకాణాయన భుజం మీంచి లాక్కుంది. మామాకు కోపమొచ్చింది, రాదూ మరి? రోడ్డు మీద బండి గుద్దేసి ఉంటే ఎవరు జవాబు చెప్పాలి? ఈ నెలతో నర్సుల పిల్లలు ఎవరూ పాకకు రావద్దని చెప్పేసింది. ఆ సాయంత్రం అమ్మ ఏడుస్తూనే ఒక నిర్ణయానికి వచ్చింది. పదిహేను రోజుల్లో పక్క గది సిస్టర్ సెలవు మీద ఇండియా వెళ్తోంది. ఆమెతో నన్ను అమ్మమ్మ దగ్గరికి పంపించేస్తుంది. మళ్ళీ అమ్మ నన్ను చూసేది తన సెలవుకే, అంటే రెండేళ్ళకు. తలుపు చాటు నుంచి అంతా విన్నాను. ఆ రోజు మాత్రం ఏడవలేదు. ఏడిస్తే రేపే పంపేస్తారేమోనని నోరు నొక్కుకున్నాను.

మర్నాడు అక్క నన్ను తిట్టలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెప్పులకంటిన మట్టి దులుపుతూ, “యాడికి పోవాలని పోతివి పాపా?” అంది. డ్యూటీ ఊరికని చెప్పాను. అది బర్కాకు దూరమా, అక్కడ ఇళ్ళుంటాయా అని కూడా అడిగాను. ఆమె నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రం అమ్మ రాగానే ఎదురెళ్ళి, “సిస్టరమ్మా, ఊరికి పంపేది తర్వాత సూద్దురుగానీ, ముందు ఒక్కసారి ఆ డ్యూటీ ఊరు పాపకు సూపీండి” అంది. అమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆసుపత్రిలోకి చిన్నపిల్లల్ని రానివ్వరని అంది. అక్క వదల్లేదు. చివరికి అమ్మ తన పైసిస్టర్‌ని బతిమాలితే, మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ పది నిమిషాలు, వార్డు గుమ్మం దాకా మాత్రం రావచ్చని ఒప్పుకుందట.

అలా ఒక మధ్యాహ్నం, మిగతా పిల్లల్ని మామా దగ్గర ఉంచి, నేనూ అక్కా తోట పికప్పు బండిలో డ్యూటీకి వెళ్ళాం. గుమ్మం దగ్గర అక్క చేయి పట్టుకుని నిలబడ్డాను. లోపల తెల్లటి బట్టల్లో అమ్మ, ఆమె పక్కన అప్పుడే వచ్చిన ఇంకో నర్సు. ఇద్దరూ ఒక్కో మంచం దగ్గరా ఆగుతున్నారు. అమ్మ ఏదో చెబుతోంది, రెండో ఆమె తలూపుతూ రాసుకుంటోంది. అమ్మ ఆగిన ప్రతిచోటా ఆ మంచం మీద మనిషి వైపు కూడా చూసి, చేయి తాకి, ఏదో చెప్పి గానీ ముందుకు కదల్లేదు. నన్ను చూసింది కూడా. చిన్నగా నవ్వి మళ్ళీ పనిలో పడింది. మాయం కాలేదు. నాకంటే ఎక్కువగా కళ్ళప్పగించి చూసింది మా పక్కింటి అక్క.

డ్యూటీ దిగి మాతోపాటే తిరిగొస్తున్న అమ్మను అక్క అడిగింది, మంచం మంచం దగ్గర అంతసేపు ఏం చెప్పుకుంటారని. దాన్ని హ్యాండోవర్ అంటారని, రాత్రి జ్వరం ఎంత ఉంది, ఏం తిన్నారు, దేనికి ఇబ్బంది పడుతున్నారు, ఇదంతా తర్వాతి నర్సుకు అప్పజెప్పకుండా కదలకూడదని అమ్మ చెప్పింది. అప్పుడు అక్క అన్న మాట నేను బతికున్నంతకాలం మరిచిపోను.

“ఎవురో ముక్కూ మొగం తెలీని ఆయప్పను అప్పజెప్పేదానికి అంత చెప్తాండారే, కన్నబిడ్డను నాకు అప్పజెప్పేటప్పుడు మేకపిల్లను సూపిచ్చి పారిపోతాండారు గదమ్మా!”

అమ్మ మొహం ఎర్రబడింది. కోపమనుకున్నాను. సిగ్గని ఇప్పుడు తెలుసు.

మర్నాడు పొద్దున్న అమ్మ పాకలోకి వచ్చి, చాప మీద మోకాళ్ళేసి కూర్చుంది. నేను వింటుండగానే అక్కకు నన్ను అప్పజెప్పింది. రాత్రి రెండుసార్లు దగ్గింది, గుడ్డు సగం వదిలేసింది, గాలికి తలుపు కొట్టుకుంటే భయపడుతుంది, మొన్న శుక్రవారం నాన్న రాలేదని దిగులుగా ఉంది. నా గురించి ఇన్ని సంగతులు అమ్మకు తెలుసా అని నోరు తెరుచుకుని విన్నాను. తర్వాత నా వైపు తిరిగి, “నేను డ్యూటీకి వెళ్తున్నానమ్మా. మజ్జాన్నం వచ్చేత్తాను” అంది. నేను ఏడ్చాను. అబద్ధం చెప్పను, గట్టిగానే ఏడ్చాను. కానీ అమ్మ వెళ్ళడం కనబడింది. తోట మలుపు దగ్గర ఆగి చేయి ఊపడం కనబడింది. కనిపించి వెళ్ళిన మనిషి కోసం ఏడ్చే ఏడుపు తొందరగా అయిపోతుంది.

మధ్యాహ్నం అమ్మ రాగానే అక్క నన్ను తిరిగి అప్పజెప్పింది. ఎంత తిన్నానో, ఎవరిని కొరికానో ఒక్కటీ దాచలేదు. నాలుగో రోజుకు నేనే మధ్యలో దూరి, గుడ్డు తిన్నాను, అది కూడా చెప్పు అనడం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి మిగతా తల్లులూ అదే పద్ధతి పట్టారు. మామా చూసి చూసి, ఒకరోజు తన చంటివాణ్ణి తెచ్చి, నవ్వుతూ అరబ్బీలో వాడి రాత్రి భాగోతమంతా అక్కకు అప్పజెప్పింది. పాక మూసేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. పక్క గది సిస్టర్ నన్ను తీసుకోకుండానే సెలవుకు వెళ్ళిపోయింది. ఆమె కారు తోట దాటేదాకా నేను మంచం కింద నుంచి బయటికి రాలేదు.

ఇక్కడితో ఆగిపోతే ఇది సంతోషంగా చెప్పుకునే కథే. ఆగలేదు. చిన్నపిల్లల నోటికి అడ్డూ ఆపూ ఉండదు కదా. ఒకరోజు అప్పజెప్పడం అయిపోయి అమ్మ వెళ్ళాక, నేను అక్కను అడిగాను, నీ పాపను నువ్వు ఎవరికి అప్పజెప్పావని. ఆమెకు పాప ఉందో లేదో కూడా నాకు తెలియదు. అందరికీ ఉంటారనుకున్నాను, అంతే.

అక్క చేతిలోని గింజలు కింద పెట్టేసి, ఏడుస్తూనే చెప్పింది.

“మా యమ్మకాడ ఇడిసిపెట్టి వస్తి. నిద్రపోతాండింది పాపా. లేస్తే ఏడుస్తాదని చెప్పకుండా వచ్చేస్తి.”

ఆ పిల్లకు నా వయసేనట. ఆ మాటలు మధ్యాహ్నం అమ్మకు నేనే అప్పజెప్పాను, అక్క పొద్దున ఏడ్చిందని కూడా. ఆరుగురు పిల్లల తల్లులం రోజూ ఆమెకు మా బిడ్డల సంగతులు చెప్పి వెళ్తున్నాం, ఆమె బిడ్డ సంగతి ఒక్కరమైనా అడగలేదే అని ఆ రోజు అమ్మ నాన్నకు ఫోనులో చెబుతుంటే విన్నాను.

ఆ శుక్రవారం, అక్కడ సెలవు ఆ రోజే కాబట్టి చర్చి కూడా ఆ రోజే, ప్రార్థన నుంచి వచ్చాక అమ్మ మా టేప్‌రికార్డర్‌లో కొత్త క్యాసెట్ పెట్టి అక్కను కూర్చోబెట్టింది. అప్పట్లో ఉత్తరం రాయలేనివాళ్ళు అలాగే క్యాసెట్లో మాట్లాడి ఊరికి పంపేవారు. ఏం చెప్పాలో అక్కకు తోచలేదు. అప్పజెప్పు అంది అమ్మ, అంతే. అక్క కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. పాపకు పాలు వేడిగా ఉంటే తాగదు. ఉరిమితే గంప కింద దూరుతుంది, లాగొద్దు, అదే వస్తుంది. కొత్త గౌను గుచ్చుకుంటుందంటుంది, తిరగేసి తొడగండి. ఏడాదిన్నర ఆలస్యంగా, సముద్రం ఇవతల నుంచి, ఒక తల్లి బిడ్డను అప్పజెప్పింది. చివర్లో బిడ్డతోనే మాట్లాడింది. అమ్మ పనికి వచ్చిందనీ, తప్పిపోలేదనీ, ఫలానా అప్పుడు వస్తుందనీ చెప్పింది. క్యాసెట్ రెండో వైపు కూడా నిండిపోయింది. అమ్మ పక్కనే కూర్చుని, అంతసేపూ ఆమె చేయి వదల్లేదు.

మరుసటి ఏడాది అక్క వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నన్ను నిద్రలేపి మరీ చెప్పి వెళ్ళింది. కడప జిల్లాలో ఏ ఊరో అడిగేంత వయసు నాకు లేదు, అమ్మ రాసి పెట్టుకున్న చీటీ ఇల్లు మారడంలో పోయింది. ఆ పాప తల్లిని గుర్తుపట్టిందో లేదో తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సంగతి తెలుసుకోవాలని నాకు ఎంత ఆశగా ఉంటుందో చెప్పలేను. ఇండియాలో విమానాశ్రయాల్లో గల్ఫ్ వరసలో నిలబడిన కడప ఆడవాళ్ళ మొహాలు ఇప్పటికీ వెతుకుతాను. ఉంటే ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. వరసలో ఎందుకుంటుంది? అయినా వెతుకుతాను.

చదువుకు ఇండియా వెళ్ళి, పెళ్ళయ్యాక మళ్ళీ బర్కాకే వచ్చిపడ్డాను. జుట్టంతా నెరిసింది. ఇక్కడే ఒక చిన్నపిల్లల బడి చూసుకుంటున్నాను. మా బడి పిల్లల నాన్నల్లో సగం మందికి చాలా దూరాన ఉన్న దుక్మ్ ఓడరేవులో పని, నెలకోసారి వస్తారు. బొమ్మలకూ చార్టులకూ ఇప్పుడు కొదవలేదు. పిల్లల్ని ఎలా చూసుకోవాలో నేర్పే వీడియోలు ఫోను నిండా వచ్చిపడుతుంటాయి. మంచివే, కాదనను. పిల్లల్ని దింపి గప్‌చుప్‌గా జారుకోబోయే తల్లుల్ని గుమ్మంలోనే పట్టుకుని, చెప్పి వెళ్ళమంటాను. నా నోటికి జడిసి అందరూ చెబుతారు.

కానీ అంతకంటే ముందు ఒక పని ఉంది. మా బడిలో ఇద్దరు ఆయాలు పనిచేస్తారు, ఒకామెది రాజంపేట వైపు, ఇంకొకామెది అమలాపురం. ఇద్దరి పిల్లలూ అక్కడ ఇండియాలో ఊళ్ళోనే ఉన్నారు. పొద్దున్నే వాళ్ళు రాగానే కూర్చోబెట్టి, టీ చేతికిచ్చి, నీ పిల్లలు ఎలా ఉన్నారు, నిన్న ఫోనులో ఏమన్నారు, ఏం తిన్నారట అని అడుగుతాను. వాళ్ళు చెబుతారు. ఒక్కోరోజు ఏడుస్తారు. బయట గేటు దగ్గర కార్లు ఆగుతాయి, తల్లులు గడియారం చూసుకుంటారు, ఒకరిద్దరు హారన్ కూడా కొడతారు. ఆ ఇద్దరూ చెప్పడం అయ్యేదాకా నేను గేటు తీయను.