పదకొండో బల్బు

రిటైర్మెంటుకు ఇంకా ఆరేళ్ళుండగా, ఒక నవంబరు మొదటి వారంలో నన్ను అరకులోయ సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా బదిలీ చేశారు. విద్యుత్తు సంస్థలో సెక్షన్ అంటే అన్నిటికన్నా కింది ఆఫీసు. ఒక ఏఈ, ఒక లైన్ ఇన్‌స్పెక్టరు, ఏడుగురు లైన్‌మన్లు, ఒక నిచ్చెన, ఘాట్ రోడ్డెక్కితే సెగలు కక్కే ఒక జీపు. మా పైన ఏడీఈ ఉంటారు, ఆయన పైన డీఈ. మా కింద కొండలూ, వాటి మీది ఊళ్ళూ ఉంటాయి. నేను గోదావరి పక్కవాణ్ణి. డిప్లొమాతో చేరి, మైదానంలో పాతికేళ్ళు లైన్లు వేయించి వచ్చానన్న ధీమా కొంచెం ఎక్కువగానే ఉండేది.

వచ్చిన పది రోజులకే ఉసిరిపుట్టు నుంచి ఫిర్యాదు వచ్చింది. ఇరవై గడపల కొండ ఊరు అది. ప్రతి ఇంటికీ కాఫీ తోట ఉంది. ఆ ఏడు అక్కడి ఆడవాళ్ళ సంఘానికి ఒక పథకం కింద పల్పర్ ఇచ్చారు. కాఫీ పండు పైతొక్క తీసి గింజను వేరు చేసే యంత్రం అది. పండును కోసిన రోజే తొక్క తీయాలి. మర్నాటికి పులిసిపోతుంది, గింజకు వాసన పట్టేస్తుంది. యంత్రం లేనన్నాళ్ళూ వాళ్ళు కోసిన పండును కోసినట్టే బుట్టలకెత్తి, తలమీద పెట్టుకుని, కింద తారు రోడ్డు దాకా మోసేవారు. ఇప్పుడు యంత్రం వచ్చింది గానీ తిరగడం లేదు. స్విచ్ వేస్తే ఒక హార్స్‌పవర్ మోటారు మూలుగుతుంది, వణుకుతుంది, అంతే.

లైన్‌మన్ సోములును వెంటబెట్టుకుని వెళ్ళాను. సోములు బొబ్బిలి వైపు మనిషి. కొండెక్కి ఇరవై ఏళ్ళయింది, ప్రతి స్తంభమూ అతనికి చుట్టమే. పల్పర్ షెడ్డులో మోటారు ఆపించి, ప్లగ్ దగ్గర మీటరు పెట్టాను. 228 వోల్టులు చూపించింది. ఇంట్లో వాడే కరెంటుకు అంతకన్నా ఏం కావాలి? సోములు తన టెస్ట్ ల్యాంపు కూడా పెట్టి చూశాడు. అందులో రెండు బల్బులు ఒకదాని వెనక ఒకటి, అంటే సిరీస్‌లో ఉంటాయి. త్రీఫేజ్ లైన్లో నాలుగు వందల పైచిలుకు వోల్టులుంటాయి గనుక ఒక్క బల్బయితే మాడిపోతుందని అలా కట్టుకుంటారు. అది మసకగా వెలిగింది. పది నిమిషాల్లో పనైపోయింది. "సరఫరా వోల్టేజి 228, సక్రమం. లోపం మోటారులో ఉండవచ్చును" అని రాసి, సంతకం పెట్టి, ఆఫీసు ముద్ర వేసి పంపేశాను.

మోటారు మెకానిక్కు దాన్ని విప్పి తన కొట్టుకు తీసుకెళ్ళి నడిపించాడు. బొంగరంలా తిరిగింది. మోటారు బాగుంది, లోపం వోల్టేజిలో ఉందని అతనూ ఒక కాగితం రాశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మేమిద్దరం ఒకరి మీద ఒకరం రాసుకున్నాం. యంత్రం ఇచ్చినవాళ్ళు రెండు కాగితాలూ చూసి, రెండూ నమ్మారు. కరెంటు బాగుంది, మోటారూ బాగుంది, కాబట్టి ఆడవాళ్ళకే నడపడం చేతకాదని తేల్చారు. గురువారం పొద్దున పది గంటలకు లారీ వస్తుందనీ, ఆలోగా పల్పర్ తిరక్కపోతే ఎక్కించుకుపోయి వేరే ఊరికి ఇస్తామనీ కబురు పెట్టారు.

మంగళవారం నాడు చిలకమ్మ మా ఆఫీసుకు వచ్చింది. ఆ సంఘానికి పెద్ద ఆవిడ, నలభై ఏళ్ళుంటాయి. సర్వీసు జీపులో పదిహేను మంది మధ్య ఇరుక్కుని వచ్చినా మాటలో తొందర లేదు. కూర్చోమంటే కూర్చోలేదు. నా టేబులు ముందు నిలబడి అడిగింది.

"సారూ, మీరు మోటారు ఆపేసి సూసేరు కదా?"

అవునన్నాను. తిరగని మోటారు పెట్టి చూస్తే ఏం లాభం అని కూడా కొంచెం విసుగ్గానే అన్నాను.

"మా ఊట గొట్టం కూడా అంతే సారూ. కొళాయి కట్టేసి సూస్తే గొట్టం నిండా నీరే ఉంటాది. ఇప్పితే కదా, మద్దిలో ఆకు అడ్డం పడిందో నేదో తెలుస్తాది."

అది పాలిటెక్నిక్‌లో మొదటి ఏడాది పాఠం. లైను తీగకు కొంత నిరోధం ఉంటుంది. తీగలో కరెంటు పారినప్పుడు, కరెంటును ఆ నిరోధంతో గుణిస్తే ఎంతొస్తుందో అన్ని వోల్టులు దారిలోనే ఖర్చయిపోతాయి. కరెంటు పారకపోతే సున్నాను దేనితో గుణించినా సున్నాయే. కాబట్టి లోడ్ లేనప్పుడు ఎంత చెడిపోయిన లైనైనా చివరిదాకా నిండు వోల్టేజి చూపిస్తుంది. మోటారు బయలుదేరేటప్పుడు నడిచేటప్పటికన్నా నాలుగైదు రెట్లు కరెంటు లాగుతుంది, లైను గుట్టు అప్పుడు బయటపడుతుంది. ఇదంతా తెలిసి కూడా పది నిమిషాల్లో ముద్ర వేసి వచ్చాను. కాఫీ తోటలో పనిచేసుకునే మనిషి దాన్ని నీటి గొట్టంతో నాకు గుర్తు చేయాల్సి వచ్చింది. సిగ్గేసింది. మర్నాడు వస్తానని చెప్పాను.

బుధవారం స్టోర్లో మూలనపడ్డ రెండు వందల వాట్ల పాత బల్బులు పది ఏరి, చెక్క పలక మీద హోల్డర్లూ స్విచ్చులూ బిగించి తీసుకెళ్ళాం. దీన్ని ల్యాంప్ లోడ్ అంటారు. మోటారు మొండికేస్తుంది గానీ బల్బులు వేసిన లోడ్ వేసినట్టు తీసుకుంటాయి. వైరింగు సోములు చేశాడు. ఇరవై ఏళ్ళ టెస్ట్ ల్యాంపు అలవాటు కొద్దీ పదింటినీ ఒకదాని వెనక ఒకటి కట్టేశాడు. స్విచ్ వేస్తే లోపలి తీగలు ఎర్రబడీ ఎర్రబడనట్టు ఉండిపోయాయి. షెడ్డు బయట కూర్చున్న ముసలాయన "మిణుగురులే నయం బాబూ" అన్నాడు. అందరూ నవ్వారు, సోములు కూడా నవ్వేశాడు.

సిరీస్‌లో దారి ఒక్కటే. కరెంటు పది బల్బుల్లోంచీ వరసగా దూరి వెళ్ళాలి, పదింటి నిరోధమూ కలుస్తుంది, ఉన్న వోల్టేజిని పది బల్బులూ పంచుకోవాలి. తలా ఇరవై మూడు వోల్టులతో ఏ బల్బు వెలుగుతుంది? విప్పించి ప్యారలల్‌లో కట్టించాను. అంటే ప్రతి బల్బూ రెండు తీగల మధ్య తన దారి తాను చూసుకుంటుంది, నిండు వోల్టేజి తనకే వస్తుంది. బల్బు పెరిగిన కొద్దీ ఒక దారి పెరుగుతుంది, లైన్లో కరెంటూ పెరుగుతుంది.

చిలకమ్మ ఒక్కో స్విచ్ వేస్తుంటే నేను మీటరు పైకి చదివాను. ఒక బల్బుకు 223. అయిదుకు 205. పదికి 186. కొత్తది వెలిగినప్పుడల్లా మొదటిది మందగించడం ఊరంతా కళ్ళారా చూసింది. తీగను పట్టుకుని కరెంటు కొలిచే టాంగ్ టెస్టరు ఏడు ఆంపియర్లు చూపించింది. సోములును ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పంపి కొలిపిస్తే, పది బల్బులూ వెలుగుతుండగానే అక్కడ 228 కదల్లేదు. దారిలో పోయింది నలభై రెండు వోల్టులు. ఏడుతో భాగిస్తే ఆరు ఓములు.

మా తీగలకు జంతువుల పేర్లుంటాయి. స్క్విరల్, వీజిల్, ర్యాబిట్ అని లావును బట్టి పిలుస్తారు. ఉసిరిపుట్టుకు పోయింది వీజిల్. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి షెడ్డుకు ఇరవై రెండు స్తంభాలు, పోనూ రానూ కలిపి ఆ తీగకు రెండు ఓములు ఉండాలి. నాలుగు ఎక్కువున్నాయి. అవి ఎక్కడో ఒక చెడ్డ జాయింటులో ఉన్నాయి. ఏడు ఆంపియర్లు నాలుగు ఓముల్లోంచి పోతుంటే అక్కడ పుట్టే వేడి దాదాపు రెండు వందల వాట్లు. పలక మీద పది బల్బులుంటే, లైన్లో ఎక్కడో పదకొండోది వెలుగు లేకుండా కాలుతోందన్నమాట. పదీ ప్యారలల్‌లో ఉన్నాయి, అదొక్కటీ వాటన్నిటి దారికీ అడ్డంగా సిరీస్‌లో కూర్చుంది.

ఎక్కడుందో పట్టుకోవడానికి పద్ధతి ఉంది. లైను మధ్యలో కొలిస్తే లోపం ఏ సగంలో ఉందో తెలుస్తుంది, మళ్ళీ ఆ సగంలో సగం. కానీ కొలిచిన ప్రతిసారీ లైను ఆపి, స్తంభమెక్కి, తీగలు తగిలించి, దిగి, మళ్ళీ కరెంటు ఇవ్వాలి. అప్పటికే సాయంత్రం నాలుగు దాటింది, లోయలోంచి మంచు లేస్తోంది. డిసెంబరులో అక్కడి స్తంభాలు పొద్దున తొమ్మిది దాకా తడిగా ఉంటాయి, తడి స్తంభం ఎక్కించడం నిబంధనలకు విరుద్ధం. పదికి లారీ వస్తుంది. ఈ లెక్కంతా చిలకమ్మకు దాచకుండా చెప్పాను. ఆ చోటు వేడెక్కుతుంది గానీ ఎర్రబడదు, కింద నుంచి చూస్తే కనపడదని కూడా చెప్పాను.

ఆవిడ తీగవైపు చూసింది. "తెల్లారగట్ల ఈ తీగంతా నీటిబొట్లే సారూ. ఏడిగా ఉన్న కాడ బొట్టు నిలవదు కదా" అంది.

అవును, స్తంభమెక్కకుండానే చోటు తెలిసిపోతుంది. ఆ రాత్రి నేనూ సోములూ ఊళ్ళోనే ఉండిపోయాం.

కాఫీ కోతలో అక్కడొక పద్ధతుంది. మనిషికొక వరస. తన వరస అయ్యేదాకా పక్క వరసలో చెయ్యి పెట్టకూడదు. ఏదైనా చెప్పాల్సొస్తే కూత వేస్తారు, పక్క వరసవాళ్ళు అందుకుని ఆ పక్కకు చేరవేస్తారు. గురువారం తెల్లవారుతుండగా ఇంటికొకరు చొప్పున వచ్చి, అదే పద్ధతిలో స్తంభానికొకరు నిలబడ్డారు. బాలింత ఒకామె రాలేదు. తక్కువపడిన మూడు స్తంభాలకూ మిణుగురుల ముసలాయనా, సోములూ, నేనూ. స్తంభాన్నీ, దాన్ని లాగిపట్టే స్టే తీగనూ ముట్టుకోవద్దనీ, పదడుగుల దూరం నుంచే చూడాలనీ ఒక్కొక్కరికీ చెప్పాను. షెడ్డులో పది స్విచ్చులూ వేయించి వచ్చి నా స్తంభం దగ్గర నిలబడ్డాను. నా తలమీది తీగ నిండా బొట్లు వేలాడుతున్నాయి. అరగంటయింది. ఒక్క బొట్టూ ఆరలేదు. అనవసరంగా ఇంతమందిని చలిలో నిలబెట్టానా అన్న అనుమానం మొదలైంది.

అప్పుడు కింద నుంచి కూత వినిపించింది. ఆ పై స్తంభం అందుకుంది, ఆ పైది అందుకుంది, కొండంతా ఒకసారి మోగి నా దాకా వచ్చింది. పద్నాలుగో స్తంభం. పరుగెత్తాను, యాభై నాలుగేళ్ళ వయసులో, ఆఫీసరు హోదాలో, జారి ఒకసారి కూలబడ్డాను కూడా. అక్కడ తీగ జానెడు మేర పొడిగా ఉంది. దాని మీంచి వార్చిన గంజి లోంచి లేచినట్టు సన్నగా ఆవిరి లేస్తోంది. అంత సంతోషం నాకు ప్రమోషను ఆర్డరు అందుకున్ననాడు కూడా కలగలేదు.

సోములు మాత్రం నవ్వలేదు. జాయింటు చుట్టూ నల్లగా సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. దాన్నే చూస్తూ, "అది నాను కట్టిందే బాబూ. తుపానుకి సెట్టు పడి తీగ తెగిపోనాది. నీరు దిగకూడదని టూబు సుట్టేను" అన్నాడు. మంచి ఉద్దేశంతో చేసినదే. కానీ ట్యూబు లోపలికి దిగిన నీరు బయటికి పోయే దారి లేక ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయి అల్యూమినియాన్ని తినేసింది. మెమో ఇస్తానేమోనని నా మొహంలోకి చూశాడు. నీది ట్యూబు, నాది కాగితం, ముందు పని కానిద్దాం అన్నాను.

ఎండ పడి స్తంభం ఆరేసరికి తొమ్మిది దాటింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తీయించి, లైను ఆగిందని టెస్ట్ చేసి, రెండు తీగలనూ కలిపి ఎర్త్ చేశాకే సోములును ఎక్కించాను. ట్యూబు కోస్తే తెల్లటి పొడి రాలింది. ఆ ముక్క కోసేసి, కొత్త తీగ చివరలు ఎమరీ కాగితంతో రుద్ది, గ్రీజు రాసి, రెండు క్లాంపులు బిగించాడు. ఈలోగా లారీ వచ్చేసింది. అందులోంచి దిగిన అధికారి కాగితాలు తీసి, పది దాటింది, ఎక్కించేద్దాం అన్నాడు. చిలకమ్మ ఆయనతో వాదించలేదు. "బేగి ఏటి బాబూ, టీ తాగండి" అని గ్లాసు చేతికిచ్చింది. అప్పటికే సగం మంది తోటల్లోకి పోయి పండు కోసుకొచ్చి బుట్టలు షెడ్డు ముందు వరసగా పెట్టేశారు. మోటారు తిరుగుతుందని నాకన్నా ముందే వాళ్ళు నిశ్చయించుకున్నారు.

ఫ్యూజులు వేశాక పది బల్బులూ మళ్ళీ వెలిగించాను. 212. కరెంటు ఎనిమిది ఆంపియర్లు. పోయింది పదహారు వోల్టులు, అంటే రెండు ఓములు, వీజిల్ తీగకు ఎంత ఉండాలో అంతే. పలక తీసేసి మోటారు ప్లగ్ పెట్టించాను. స్విచ్ చిలకమ్మ వేసింది. మోటారు మూలగలేదు, ఒక్క ఊపున అందుకుంది. మొదటి బుట్ట పోయగానే ఒక పక్క ఎర్ర తొక్క, ఒక పక్క జిగురు గింజ ధారగా దిగాయి. ఆడవాళ్ళంతా ఒక్కసారి కూత వేశారు, ఈసారి అందుకోవడానికి పై వరసలో ఎవరూ మిగల్లేదు. అధికారి రెండు బుట్టలయ్యేదాకా నిలబడి చూసి, ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు.

మర్నాడు ఏడీఈ గారికి రాశాను: నా మొదటి నివేదిక తప్పు, వోల్టేజి లోడ్ లేకుండా కొలిచాను, లోపం మా లైనుదే, మోటారుదీ కాదు, నడిపేవారిదీ కాదు. పని అయిపోయింది కదా, చేజేతులా ఎందుకు రాసుకుంటావయ్యా అని ఆయన ఫోను చేశారు. వాళ్ళకు చేతకాదన్న మాట ఇంకా ఫైల్లో ఉందండీ అన్నాను.

తర్వాత ఆరేళ్ళూ నా సెక్షన్‌లో వోల్టేజి ఫిర్యాదు ఎవరు చూసొచ్చినా రెండు అంకెలు రాయించాను. ఒకటి లోడ్ లేనప్పుడు, ఒకటి ఫిర్యాదు చేసిన మనిషి చేతనే తన యంత్రం స్విచ్ వేయించినప్పుడు. ఒకే అంకె ఉన్న కాగితం మీద మళ్ళీ సంతకం పెట్టలేదు.