ఎనిమిది ఊచల అధ్యక్షుడు

గొడుగుల తయారీదారుల సంఘం అధ్యక్షుడు ఆ రోజు జోరువానలో తలమీద ప్లాస్టిక్ సంచి కప్పుకుని దుకాణానికి వచ్చాడు. ఇంట్లో మిగిలిన ఒక్క గొడుగూ విదేశీది, భార్య కొన్నది. అది పట్టుకుని నలుగురి కళ్ళబడడం కంటే తడవడమే మేలనుకున్నాడు.

"మీ గొడుగు నా చేతిసంచిలో పట్టదు. అది పడుతుంది, పైగా సగం ధర. మీరే చెప్పండి, నేనేం కొనాలి?" అని ఆవిడ ఎప్పుడో తేల్చేసింది. ముప్ఫై ఏళ్ళుగా గొడుగులు కడుతున్న మనిషికి జవాబు తోచలేదు. ఊరంతా అదే మాట అనడం మొదలుపెట్టాక అర్జీ తోచింది.

సంఘంలో సభ్యులు నలుగురే గాని, అర్జీ ఏడు పేజీలు. విదేశీ గొడుగులమీద పన్ను వేయమన్నాడు. ఉత్త 'గొడుగులు' అంటే మరీ తేలిగ్గా ఉందనిపించి, బరువు కోసం 'వాటి విడిభాగాలు' అని కూడా చేర్చాడు. ప్రభుత్వం పొల్లుపోకుండా మన్నించింది. ఆయన వాడే ఇనప ఊచలు వచ్చేదీ విదేశం నుంచే.

ఊచల వ్యాపారి కొత్త ధర చెప్పినప్పటినుంచి ఆయనకు కాలు నిలవడం లేదు. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి గుమాస్తా వస్తాడు. ఆయాల కోసం అరవై గొడుగుల బేరం. అది పోతే గుడ్డ కుట్టే అక్కకు ఈ వానాకాలం పని లేనట్టే. కూర్చున్నాడు, లేచాడు, గుమ్మందాకా వెళ్ళొచ్చాడు. చివరికి ఎనిమిది ఊచలకు బదులు ఆరింటితో ఒక గొడుగు కట్టి తెరిచాడు.

"ఏంట్రా అది, అలిగినట్టు మూతి వేలాడేసింది?" అంది అక్క, మిషను ఆపకుండానే.

"ఆరు ఊచలక్కా. ధర దిగుతుంది."

"అదీ దిగుతుంది, పట్టుకున్నదాని నెత్తిమీదికి."

"మరి నీ పనో?"

"నా పని సంగతి తర్వాత. ముందు దాన్ని ఊడదీయి, చూడలేకపోతున్నా."

ఊడదీశాడు. మళ్ళీ ఎనిమిదీ బిగించేసరికి గుమాస్తా గుమ్మంలో ఉన్నాడు. కొత్త ధర విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"విదేశీదీ పెరిగింది, మీదీ పెరిగింది. మా ఆయాలు తడవాలా? ఈ పన్ను వేయమని అడిగిన మహానుభావుడెవరో ఒక్కసారి చూడాలనుందండీ."

అక్క మిషను ఆగింది.

అధ్యక్షుడు గొడుగు ఆయన చేతిలో పెట్టాడు.

"నన్ను చూశారుగా, ఇక దీన్ని చూడండి."