ఊజీ ఈగల కుండ

సుబన్‌సిరి ఏటి ఒడ్డున సోమ్ చెట్ల తోటలో పొదుమి ఒక్కతే ఉండేలు పట్టుకుని ముగా పట్టుపురుగులకు కాపలా కాస్తుంటుంది. రెండేళ్ల క్రితం వరకు పక్కతోట రొంగ్‌దోయి తోడుండేది. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని, ఒక వక్కను చెరి సగం నములుతూ, నవ్వుకుంటూ కాకుల్ని తోలేవారు.

ఆ చలికాలం పంట మీద పెద్ద ఊజీ ఈగ విరుచుకుపడింది. అది పట్టుపురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది. అందులోంచి వచ్చిన ఈగ పిల్ల ఆ పట్టుపురుగును లోపల్నుంచి తినేసి, మట్టిలోకి దిగి గింజలా గట్టిపడుతుంది. ఊరంతా ఆ గింజల్ని ఏరి కాల్చింది. పొదుమి మాత్రం కుండలో పోసి, మూతికి సన్నని వల కట్టి, చెట్టుకు వేలాడదీసింది. వాటిలో కొన్నింటిని తొలుచుకుని నువ్వుగింజంత కందిరీగలు పుడతాయనీ, ఆ వల సందుల్లోంచి అవి బయటపడతాయి గానీ ఈగలు పడలేవనీ పట్టు పెంపకం శిక్షణలో విన్నది.

“శనిని ఇంట్లో పెట్టుకుని మేపుతున్నావా అక్కా? నా తోట గతేంటి?” అని రొంగ్‌దోయి అరిచింది.

“నీ తోటకేం కాదు గానీ, నోరు మూసుకుని వక్క నములు.”

సరదాగా అన్న మాటే గానీ, గుచ్చుకుంది. మర్నాటి నుంచి రొంగ్‌దోయి రాలేదు. నెల తిరక్కుండా ఆమె ఇంటినీ తోటనూ ఏరు కోసుకుపోయింది. రొంగ్‌దోయీ ఆమె భర్తా పొదుమికి చెప్పకుండానే అవతలి ఒడ్డున మరిది ఇంటికి చేరారు.

తరువాతి పంటకు ఏటా వచ్చే మరో రకం ఈగ, చిన్న ఊజీ, ఆ ఏడు అంతంతమాత్రంగా వచ్చింది. పొదుమి మట్టి తవ్వి దాని గింజల్ని చూసింది. చాలావాటికి సూదిమొనంత చిల్లు, లోపల డొల్ల. పెద్ద ఈగను తిని పెరిగిన కందిరీగలే చిన్నదాని పని పట్టాయి. ఈగలు రెండూ ఎదురుపడిందే లేదు. అయినా మొదటిది రెండోదాని కొంప ముంచింది.

“ఒసే, ఇది చూడవే!” అంటూ పొదుమి పక్కకు తిరిగింది. చాప ఖాళీగా ఉంది.

ఆ మాట రెండేళ్లు గొంతులోనే ఉండిపోయింది. ఈ ఏడు పడవవాడు భద్రకాంత, రొంగ్‌దోయి కొత్త తోటను చిన్న ఊజీ తినేస్తోందని చెప్పగానే, పొదుమి ఊజీ గింజలు నింపిన కుండను ఒళ్లో పెట్టుకుని పడవెక్కింది.

రొంగ్‌దోయి చిక్కిపోయింది. “నా పంట పోతుంటే చూడ్డానికొచ్చావా?”

“నిన్ను చూడ్డానికొచ్చాను. కుండ ఒక వంక.”

 రొంగ్‌దోయి కుండ అందుకుని తానే కొమ్మకు కట్టింది. ఏటి వైపు తిరిగి అడిగింది: “మా ఇంటి చోటు ఏమైనా తేలిందా అక్కా?”

“లేదే. అక్కడిప్పుడు జాలర్లు వలేస్తున్నారు... వచ్చెయ్యవే, నా తోటలో సగం చెట్లు నువ్వు చూసుకో.”

“ఈయన రాడు. ఇక్కడే కొత్త ఇంటికి గుంజలు పాతేశాడు.”

ఆఖరి పడవ దాకా ఇద్దరూ కూర్చున్నారు.

తరువాతి పంట సగానికి పైగా గూళ్లు కట్టిందని రొంగ్‌దోయి చెప్పి పంపిన కబురు భద్రకాంత తెచ్చాడు.

“ఇంకేమంది?”

“అంతే.”

“ఎలా అంది? మళ్లీ చెప్పు” అంది పొదుమి.