మువ్వ కట్టిన కత్తెర

మా కుట్టు పిన్నిగారు పోయిన సంగతి నాకు ఫ్లెక్సీ చూస్తే తెలిసింది. అన్నవరంలో వ్రతం చేయించుకుని వచ్చి తణుకు బస్టాండులో దిగాను. కొండ మీద ఆపేసిన ఫోను ఇంకా సంచిలోనే ఉంది. ఎదురుగా కరెంటు స్తంభానికి ఆమె బొమ్మ, కింద అశ్రునివాళి అని. ఆ బొమ్మ అరచేయంత. పక్కన చేతులు జోడించి నిలబడ్డ కుట్టు సామాన్ల షాపాయన బొమ్మ నిలువెత్తు. ఇద్దరి కిందా ఆయన అమ్ముకునే కత్తెర. ప్రసాదం పొట్లం చేతిలో ఉండగా ఒక మనిషిని తిట్టుకోవడం నాకు అదే మొదలు. పరుగున వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. ఆఖరి చూపు కూడా దక్కలేదు.

ఆమె నాకు వరసకి పిన్ని కాదు. మా వీధి చివరింట్లో ముందు గదిలో ఆడపిల్లలకి కుట్టు నేర్పేవారు. వీధి వీధంతా పిన్నిగారూ అనేది. పదో తరగతితో చదువు ఆగిపోయిన నన్ను మా అమ్మ తీసుకెళ్ళి ఆమె మిషను పక్కన కూర్చోబెట్టింది.

ఆ రోజుల్లో దర్జీల కత్తెరంటే ఇనప ముద్ద. మగవాళ్ళ చేతులకి చేసింది. నాలుగు జాకెట్లు కత్తిరిస్తే బొటనవేలి మొదట్లో పొక్కేది. ఆమె వేలికి కాయే కాసింది. ఒకసారి ఒక పిల్ల పొక్కు చిదిమి ఏడుస్తుంటే, పిన్నిగారు పిల్లని ఓదార్చకుండా కత్తెర తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "చెయ్యి ఏడుస్తుంటే జాకెట్టు నవ్వదే" అన్నారు.

అక్కడ మొదలైంది. ముందు రింగులకి పాత లైనింగు గుడ్డ చుట్టారు, జారిపోయింది. కొబ్బరి తాడు చుట్టారు, గీరుకుంది. చివరికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దాని మీద మెత్తటి వాయిల్ గుడ్డ కుట్టారు. కమ్మరాయన దగ్గర కూర్చుని కింది రింగు నాలుగు వేళ్ళూ పట్టేలా వెడల్పు చేయించారు, బొటనవేలి రింగు కాస్త బయటికి వంచించారు. మార్చిన ప్రతిసారీ మాలో ఎవరికో ఒకరికి కత్తెరిచ్చి కోయమనేవారు. గుడ్డ వంక చూసేవారు కాదు, మా ముఖాలు చూసేవారు. ముఖం చిట్లిస్తే మళ్ళీ కమ్మరి దగ్గరికే.

చేతికి సుఖం వచ్చాక, సరదా కూడా ఉండాలన్నారు. తెగిపోయిన పట్టీలోంచి ఒక మువ్వ తీసి రింగు అంచుకి కట్టారు. కోసినప్పుడల్లా గల్లుమనేది. ఆమె వంటింట్లో పులుసు కలుపుతూనే మా పని వినేవారు. చప్పుడు ఆగితే అక్కణ్ణుంచే కేక.

"మువ్వ ఆగిందేంటమ్మా? భయమేసిందా? కొయ్యి, గుడ్డేగా, పీకేం కాదు."

ఒక్క విషయంలో మాత్రం ఆమె సరదాకి తావివ్వలేదు. కత్తెరని ఎప్పుడూ చేతికి ఇచ్చేవారు కాదు. బల్ల మీద పెట్టేవారు, మేం తీసుకోవాలి. ఉప్పు ఎలాగో ఇదీ అంతే. "చేతికిస్తే తగువు చేతికిచ్చినట్టే" అనేవారు. మా ఊళ్ళో ఈ మాట తెలియని ఇల్లు లేదు. కుట్టు సామాన్లు అమ్ముకునేవాడికి మరీ బాగా తెలుసు.

ఆ షాపాయన దగ్గరికే కత్తెర సానకి పంపేవాళ్ళం. ఒకసారి ఎంతకీ తిరిగివ్వలేదు. ఇదిగో అదిగో అన్నాడు. తీరా ఇచ్చిన కొన్నాళ్ళకి ఆయన షాపు నిండా అవే కత్తెరలు, మువ్వతో సహా. అట్టపెట్టె మీద, వాళ్ళ నాయనమ్మగారు వాడిన కత్తెర అని అచ్చు. పిన్నిగారు అడగనన్నారు. నేనే బలవంతంగా తీసుకెళ్ళాను. కొనేవాళ్ళంతా నిలబడి ఉండగా, ఇది పిన్నిగారు చేసిన కత్తెర కదా అని అడిగితే, ఆయన ఆమె వంక తిరిగాడు.

"ఏంటండీ పిన్నిగారూ, కత్తెరకి మువ్వ కట్టడం కూడా కనిపెట్టడమేనాండీ? రేపు మా ఆవిడ పట్టీలు కూడా మీవేనంటారేమో."

అందరూ నవ్వారు. పిన్నిగారు పెట్టెలోంచి ఒక కత్తెర తీసి వేళ్ళు పెట్టి చూశారు. "కింది రింగు ఇంకాస్త పెద్దది చేయించు బాబూ, పిల్లల వేళ్ళు నలుగుతాయి" అన్నారు. అంతే, వచ్చేశాం. ఇంటికొచ్చి తన కత్తెరకున్న మువ్వ విప్పి, దేవుడి గదిలో బాలకృష్ణుడి కాలికి కట్టేశారు. ఆ తర్వాత ఆ ఇంట్లో గుడ్డ కోసిన చప్పుడే కానీ మువ్వ చప్పుడు లేదు. షాపాయన దసరాకి పంపించిన కత్తెర పెట్టె విప్పకుండా అటక మీద పెట్టారు. ఆమె క్షమించారో లేదో నాకు తెలియదు. నేను క్షమించలేదు. రోజూ దీపం పెట్టి దండం పెట్టుకునేటప్పుడు అందరి క్షేమమూ కోరతాను, ఆ ఒక్క పేరు దగ్గర నోరు మూసుకుంటాను.

పెద్ద కర్మ నాడు ఆయన వచ్చాడు, ఫోటో తీసే మనిషిని వెంటబెట్టుకుని. పిన్నిగారు వాడిన కత్తెర ఇప్పిస్తే షాపులో అద్దాల పెట్టెలో పెట్టుకుంటానని ఆమె కోడలిని అడిగాడు. అది ఆయన షాపు చేరితే, ఇక ఎవరేం చెప్పినా అది వాళ్ళ నాయనమ్మదే. కోడలు నెమ్మదస్తురాలు, కాదనలేక నా వంక చూసింది. తెస్తానని నేనే లేచాను.

అటక మీది పెట్టె దింపి, ఆయన కత్తెర ఆయనకే తెచ్చాను. పిన్నిగారి శిష్యురాళ్ళు గది నిండా ఉన్నారు. నా చేతిలోది చూడగానే ఆయన ముఖం మారింది. అయినా ఫోటో కోసం నవ్వుతూ బల్ల చూపించాడు.

"అక్కడ పెట్టండి అక్కయ్యగారూ, నేను తీసుకుంటాను."

"లేదండీ. మీ చేతికే ఇస్తున్నాను."

గొంతు పెంచలేదు. నాకు పెంచడం రాదు. ఆయన చెయ్యి పట్టుకుని, అరచేతిలో కత్తెర పెట్టి, వేళ్ళు మూశాను. అర్థం కాని మనిషి ఆ ఫోటో తీసేవాడొక్కడే. టక్కున ఫోటో తీశాడు. అది ఏ ఫ్లెక్సీ మీదా ఇంతవరకు కనపడలేదు.

అసలు కత్తెర కోడలు నాకిచ్చింది, బల్ల మీద పెట్టి. దేవుడి గదిలోకి వెళ్ళి బాలకృష్ణుడికి దండం పెట్టి, ఇన్నాళ్ళూ దాచావు చాలు స్వామీ అని, మువ్వ విప్పి మళ్ళీ కత్తెరకి కట్టుకున్నాను. క్షమించమని స్వామి చెప్పకపోడు. కొన్నాళ్ళు ఆగమన్నాను.

ఇప్పుడు నా బల్ల వీధి అరుగు మీదికి మార్చాను. షాపు తెరవడానికి ఆయన మా గుమ్మం ముందు నుంచే వెళ్ళాలి, వేరే దారి లేదు. బండి చప్పుడు మలుపులో వినపడగానే గుడ్డ పరుస్తాను. నాలుగు వేళ్ళూ పిన్నిగారి రింగులో హాయిగా కూర్చుంటాయి. తల ఎత్తను. మువ్వ మోగుతుంది. బండి మా గుమ్మం దాటేదాకా మోగుతూనే ఉంటుంది.