రేపల్లెలో నా గుండెల మీద కూర్చున్నది

దయ్యం మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కుర్రతనంలో దుగ్గిరాల పసుపు కళ్లాల్లో, శ్మశానం పక్కనే కాపలా పడుకున్నవాణ్ణి. ఎనిమిదో తరగతితో బడి ఆగిపోయినా, తెనాలి గ్రంథాలయంలో కూర్చుని మెదడు గురించీ నిద్ర గురించీ దొరికిందల్లా చదివాను. కనుక ఇది పిరికివాడి కథ అనుకోవద్దు.

మా అన్నగారి మనవరాలు స్రవంతిని రేపల్లె ఇచ్చాం. భర్తకు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా. వేళాపాళా లేకుండా అతనికి వండి పంపి, పిల్ల పగలు పడుకునేది. కొత్తగా దిగిన అద్దె ఇంట్లో నిద్ర మధ్య మెలకువ వచ్చి, కాలూ చెయ్యీ కదలక, గొంతు పెగలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటోందట. అది దయ్యమేనని అత్తగారు వెంకాయమ్మ బాపట్ల నుంచి ఒక భూతవైద్యుణ్ణి పిలిపించింది. పసుపుకొమ్ము కాల్చి పిల్ల అరికాళ్లకు వాతలు పెడతాడట! ఈ రోజుల్లో! కబురు విన్న రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. పొద్దున్నే బస్సెక్కాను.

వాకిట్లో వాడు కుంపటి రాజేస్తున్నాడు. గోళ్ల నిండా మట్టి, నోటి నిండా గుట్కా. ఆ వేళ్లా మా పిల్ల పాదాలు పట్టుకునేది!

వెంకాయమ్మకు విడమరిచి చెప్పాను. నిద్ర అంతా ఒకటే ముద్ద కాదు. తేలిక నిద్ర, గాఢనిద్ర, ఆపైన కలల నిద్ర, మెట్లు మెట్లుగా వస్తాయి. కలలో పరుగెత్తేవాడు నిజంగా లేచి పరుగెత్తకుండా మెదడు అడుగుభాగం కండరాలకు తాళం వేస్తుంది. తాళం తీయకముందే తెలివి వస్తే ఇదిగో, ఈ అవస్థే. నిద్ర వేళ తప్పినవాళ్లకు, వెల్లకిలా పడుకునేవాళ్లకు మరీను.

"బాబాయిగారూ, మీ పుస్తకాలకు అది భయపడదండీ," అంది.

"అయితే ఆ మంచం మీద నేను పడుకుంటాను. నాకూ వస్తే అది మెదడు పనే. అందాకా పిల్ల మీద చెయ్యి పడకూడదు," అన్నాను. స్రవంతిని మాత్రం తనకేం కనబడుతుందో నాకు చెప్పొద్దన్నాను. వింటే నా బుర్ర దాన్నే అల్లుతుంది.

వెల్లకిలా పడుకోగానే నిద్ర పట్టేసింది. తెలివొచ్చేసరికి ఒళ్లు బిగుసుకుపోయి ఉంది. ఫ్యాను తిరగడం కనిపిస్తోంది, వాకిట్లో మాటలు వినిపిస్తున్నాయి. తాళం తీయలేదు, అంతే, అనుకున్నాను.

అప్పుడు గుండెల మీద బరువు. ఒక ముసలామె. చుట్ట అడ్డపొగ పీలుస్తోంది, నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని. నా చిన్నప్పుడు సముద్రం వైపు ముసలమ్మలు అలా కాల్చేవారు. మళ్లీ ఎక్కడా చూడలేదు. బూడిద కలిసిన ఎంగిలి ఆమె గడ్డం మీదుగా జారి నా పెదవి మీద పడింది. వెచ్చగా, జిగటగా. తుడుచుకుందామంటే చెయ్యి లేవదు.

ఎప్పటికో బొటనవేలు కదిలింది. పెరట్లోకి పరుగెత్తి కక్కుకున్నాను.

స్రవంతి నీళ్లచెంబుతో వచ్చి, నా మొహం చూసి, గొంతు తగ్గించింది. "తాతయ్యా, దానికేమన్నా పిచ్చా ఏంటి? నిప్పు లోపల పెట్టుకుని కాలుస్తది!"

నేనింకా నోరు విప్పలేదు. తెనాలి వీధుల్లో పెరిగిన పిల్ల, అడ్డపొగ అనే మాటే ఎరగదు. ఫోన్‌లో చూశావా అంటే లేదంది. వెంకాయమ్మను నిలదీస్తే ఆ మాట తానెప్పుడూ పిల్లకు చెప్పలేదని ఒట్టేసింది. పైగా, "చూశారాండీ! మీక్కూడా కనబడిందిగా!" అంటూ కొమ్ము కాల్చమని వాడికి సైగ చేసింది.

నాకూ భయం వేసింది, ఒప్పుకుంటాను. అయినా ఆ చెంబు నీళ్లు కుంపటిలో గుమ్మరించాను.

"కనబడింది! కూర్చున్నది అదయితే కాల్చేది ఈ పిల్లనా? నా మీదా కూర్చుంది కదా, ముందు నాకు పెట్టమను వాత!"

కాలు ముందుకు చాపాను. వాడు సంచి సర్దుకున్నాడు.

ఆ సాయంత్రమే పిల్లను తెనాలి తీసుకొచ్చాను. ఇప్పుడు వేళకు, పక్కకు తిరిగి పడుకుంటోంది. ఆ అవస్థ మళ్లీ రాలేదు. భర్త ఆ ఇల్లు ఖాళీ చేశాడు.

తాళం సంగతి నేనిప్పటికీ నమ్ముతాను. కానీ మెదడు తన దగ్గర ఉన్నదాన్నే కదా చూపించాలి? నా తలలో ఉన్న అడ్డపొగ ఆ పిల్ల తలలోకి ఎలా వచ్చింది? నాకు తెలియదు. తెలియదని రాయాల్సి రావడం కూడా నాకు రోతగానే ఉంది.