గాలిలో నిలవని బొంగరం

నాన్నగారికి సామర్లకోటలో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. నేను ఇంటర్ చదివేటప్పుడు, ఒక అయస్కాంతం మీద ఇంకో అయస్కాంతాన్ని దేనికీ ఆనించకుండా గాలిలో నిలబెట్టడం కుదరదని మా లెక్చరర్ చెప్పారు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే నాన్నగారు వెంటనే, "గిర్రున తిరుగుతూ ఉంటేనో?" అన్నారు.

పాడైన పెద్ద స్పీకర్‌లోంచి గుండ్రటి అయస్కాంతం తీసి కింద పెట్టారు. ఇంకో చిన్న గుండ్రటి అయస్కాంతానికి పెన్ను గొట్టం దూర్చి బొంగరం చేశారు. కిందిదాని మీద ప్లాస్టిక్ రేకు పరిచి, దాని మీద బొంగరం తిప్పి, రేకును రెండు చేతులతో మెల్లగా ఎత్తాలి. బరువెక్కువైతే లేవదు. తక్కువైతే ఎగిరిపోతుంది. అందుకని బొంగరానికి సన్నటి వాషర్లు, అంటే చిల్లు బిళ్ళలు, ఒక్కొక్కటే వేస్తూ, తీస్తూ కూర్చునేవాళ్ళం. పొద్దున కుదిరిన బరువు, ఎండెక్కాక వేడికి అయస్కాంతం బలం తగ్గి, కుదిరేది కాదు. వేసవి సెలవులన్నీ దానికే పోయాయి. చివరికి ఒక సాయంత్రం అది రేకును వదిలి, రెండు వేళ్ళ ఎత్తున నిలబడి తిరిగింది.

"అమ్మాయ్, గట్టిగా ఊపిరి వదలకు!" అన్నారు నాన్నగారు.

ఏడెనిమిదేళ్ళ తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాటల్లో "అది" ఒక్కటే మిగిలింది. మంచినీళ్ళు కావాలన్నా అదే, ఫ్యాను ఆపమన్నా అదే.

అప్పటికి నేను పిఠాపురంలో టీచర్ని, రోజూ రైల్లో వెళ్ళొచ్చేదాన్ని. ఒక ఆదివారం, ఆయనకు కాస్త హుషారొస్తుందని కొట్టు సామాన్ల పెట్టెలోంచి బొంగరం తీసి, మంచం పక్కన స్టూలు మీద అమర్చాను. తిప్పి రేకు ఎత్తాను. పక్కకు జారి పడింది.

"అది," అన్నారు.

"వాషర్ తియ్యమంటారా?"

తీశాను. ఈసారి ఎగిరి మంచం కిందికి పోయింది.

"అది! అది!" ఎడమచేత్తో కిందికి చూపించారు.

"స్టూలు వాలిందా నాన్నగారూ?" కాగితం మడిచి స్టూలు కాలి కింద పెట్టాను. మళ్ళీ పడింది. వాషర్ వేశాను, తీశాను, ఇంకా సన్నటిది వేశాను. ఆయన గొంతు పెరుగుతోంది, ముఖం ఎర్రబడుతోంది. తప్పెక్కడుందో ఆయనకు తెలుసు, నాకే అర్థం కావడం లేదనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

వంటింట్లోంచి అమ్మ పరుగున వచ్చింది. "బాత్రూమ్‌కి లేపమంటున్నారే! ఇంతసేపూ ఏం చేస్తున్నావు?"

అప్పటికే పంచె తడిసిపోయింది. నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. నేనూ అమ్మా కలిసి బట్టలు మారుస్తున్నంతసేపూ తెరవలేదు.

మర్నాడు బడినుంచి రాగానే ఆయనే ఎడమచెయ్యెత్తి, "అది," అన్నారు.

"బాత్రూమ్‌కా నాన్నగారూ? పదండి," అంటూ గబగబా భుజం కింద చెయ్యి వేశాను.

ఆయన కదల్లేదు. ఆ చెయ్యి బొంగరం పెట్టెకేసి ఉందని ఆలస్యంగా చూశాను. "తిప్పనా?" అన్నాను. ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

ఆ తర్వాత రెండేళ్ళు బతికారు. ఆ పెట్టెకేసి మళ్ళీ చెయ్యి చూపించలేదు.