ఏకాదశి నాటి లండన్ పెట్టెలు

మా యారాలి పొలం గట్టున తెల్ల వ్యాన్ ఆగినప్పుడల్లా నా కళ్ళు అటే పోతాయి. యారాలంటే మా మరిది భార్య. రెండిళ్ళ మధ్య అడ్డం ఆమె బెండతోట ఒక్కటే.

ఇంతకుముందు ఊళ్ళో భజన మండలి ఆడవాళ్ళమంతా కలిసి బెండకాయలు కోసి, ఒకే వ్యాన్‌లో శంషాబాద్ విమానాశ్రయం కార్గోకు పంపేవాళ్ళం. ఐరోపాలో ఒక పెద్ద వ్యాపారి దించుకుని లండన్‌కు కూడా అతనే పంచేవాడు. మాది ఒకటే షరతు: ఏకాదశి నాడు కోత ముట్టము. అందరం ఒక్కమాట మీద ఉండేసరికి అతనే సరుకు రోజు మార్చుకున్నాడు.

బ్రిటన్ ఐరోపా కూటమి నుంచి బయటికొచ్చాక లెక్క మారింది.

"లండన్ పెట్టెలు ఇగ వేరే, కాగితాలు వేరే. అక్కడి వ్యాపారి సొంతంగ తెప్పించుకుంటడంట. ఒక్క తోట చాలంటున్నడు" అన్నాడు సరుకు ఎక్కించే ఏజెంటు. తోటలన్నీ తిరిగాడు. మా తోటలో నిలబడి మజ్జిగ తాగాడు. యారాలి తోటను ఎంచుకున్నాడు.

మండలిలో పారాయణం చేయించేది నేనే. అసూయ మీద శ్లోకం వచ్చిన వారం నా గొంతు అందరికంటే పైన ఉంది. యారాలి కొంగుకు లండన్ స్టిక్కరొకటి అంటుకుని ఉంది. అది ఆమెకు తెలియదంటే నేను నమ్మను.

"మీ లండనాయన ముదురు బెండ తింటడా చెల్లె?" అన్నాను.

"ముదిరినయి మీకే పంపుత తీయ్ అక్కా" అంది. అందరూ నవ్వారు.

వానలు తగ్గాక ఒక సాయంత్రం ఆమె మా వాకిట్లోకొచ్చి కూర్చుంది. విమానాల్లో చోటంతా పెద్ద వ్యాపారి ముందే పట్టుకుంటాడు. ఒంటరి లండన్ వ్యాపారికి మిగిలిన రోజే దిక్కు. ఈసారి మిగిలింది ఏకాదశి అని చెప్పింది.

"కోయనని చెప్పు" అన్నాను.

"అప్పుడు అందరం కాదంటే పెద్ద వ్యాపారి ఆగిండు. నేనొక్కదాన్ని కాదంటే లండనాయన జల్‌పల్లి దిక్కు ఇంకో తోట చూసుకుంటడు. కోస్తే దేవునికి ఏం మొహం చూపియ్యాలె? నువ్వు చెప్తే మండలి ఇంటది. మీ పెట్టెలు పోయే విమానంల నా పెట్టెలకు జర చోటియ్యిన్రి. ముందు రోజే కోస్త."

ఆమె కళ్ళలో నీళ్ళు. నాకు సంతోషమేసింది. ఆమె వ్రతం తప్పుతుందన్న భయమూ నిజమే. దేవుడి ముందు రెండూ పెట్టాను.

"సరే. ఇగ నుంచి నీ వ్యాన్ ముందుగాల మా గేటు కాడ ఆగాలె."

"ఆగి ఏం జెయ్యాలె అక్కా?"

"ఊకెనే. ఆగాలె."

ఆమె ముక్కు తుడుచుకుని నవ్వింది.

మండలి ఒప్పుకుంది. అందరం అడిగేసరికి పెద్ద వ్యాపారీ ఒప్పుకున్నాడు. ఏకాదశి నాడు యారాలు నా పక్కనే కూర్చుని భజనకు తాళం వేసింది.

ఇప్పుడు వ్యాన్ మొదట మా గేటు దగ్గరే ఆగుతుంది. డ్రైవరు కిందికి కూడా దిగడు, హారన్ కొట్టి కదులుతాడు. అది ఆమె తోట చేరేదాకా నేను అక్కడే నిలబడి చూస్తాను.